షుగరు, కిడ్నీలు, నోటి జబ్బు మూడూ ఉన్న మా పదకొండేళ్ళ పిల్లికి ముందు ఏది చూసుకోవాలి?

మూలాపేట టైలరు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మాది నెల్లూరు మూలాపేట. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా పిల్లి పేరు బంగారయ్య. 2014లో చేపల మార్కెట్టు గోడ పక్కన వానలో తడిసిపోయి అరుస్తుంటే కొంగులో చుట్టుకుని తెచ్చాను. కందిపప్పు రంగు, మగవాడు, చిన్నప్పుడే ఆపరేషను చేయించాము. ఇప్పుడు పదకొండేళ్ళు. నేను మిషను తొక్కుతుంటే కింద పడిన గుడ్డపేలికల మీద పడుకోవడం వాడికి అలవాటు.

రెండేళ్ళ కిందట చిగుళ్ళు ఎర్రగా వాచాయి. నోట్లోంచి జొల్లు, వాసన. ఆకలితో గిన్నె దగ్గరికి పరిగెత్తుకొస్తాడు, ఒక ముక్క కొరికి కేకపెట్టి వెనక్కి దూకుతాడు. అప్పుడు చూపించిన డాక్టరు గారు ఒక ఇంజెక్షను వేశారు. రెండో రోజుకల్లా తిన్నాడు. రెండు, రెండున్నర నెలలు బాగుండేది, మళ్ళీ మొదటికి వచ్చేది, మళ్ళీ ఇంజెక్షను. అది చాలా రోజులు పనిచేసే స్టెరాయిడ్ అని నాకు ఈ మధ్యే తెలిసింది. మొత్తం ఏడు వేశారు. చీటీలన్నీ బీరువాలో దాచిపెట్టాను. అప్పుడు వాడు తింటున్నాడన్న సంతోషం తప్ప ఇంకేమీ అడగాలని నాకు తోచలేదు.

ఈ మార్చిలో నీళ్ళు తాగడం ఎక్కువైంది. బక్కెట్టు అంచు మీద ముందు కాళ్ళు పెట్టి తాగీ తాగీ అక్కడే కూర్చుండిపోయేవాడు. ఇసుక ట్రేలో మూత్రం ఉండలు నిమ్మకాయంత ఉండేవి, బత్తాయంత అయ్యాయి. 5.6 కిలోలు ఉన్నవాడు 4.1కి వచ్చాడు. వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి నడుస్తున్నాడు. పిట్టగోడ మీదికి ఎగిరేవాడు, ఇప్పుడు మిషను స్టూలు కూడా ఎక్కలేడు. పరీక్ష చేస్తే షుగరు 412. పిల్లులకి భయంతో కూడా షుగరు పెరుగుతుందని, వెనకటి వారం రెండు వారాల లెక్క చూపించే ఫ్రక్టోసమిన్ పరీక్ష కూడా చేయించారు. అదీ ఎక్కువే. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ 2.4, ఫాస్ఫరస్ 5.1.

గ్లార్జిన్ ఇన్సులిన్ పొద్దున ఏడింటికి ఒక యూనిట్, రాత్రి ఏడింటికి ఒక యూనిట్ రాశారు. సూది పట్టుకోవడం నాకు కొత్త కాదు కాబట్టి అది తొందరగానే వచ్చింది. మెడ వెనక చర్మం గుడారంలా ఎత్తి వేస్తాను, వాడు తల కూడా తిప్పడు.

తిండి దగ్గరే దారి తెలియడం లేదు. ఒక డాక్టరు గారేమో అన్నం, బిస్కెట్టు గింజలు మానేసి మాంసమే పెట్టమన్నారు, షుగరుకి. ఇంకొకరు మాంసం తగ్గించి కిడ్నీ జబ్బు పిల్లులకని అమ్మే గింజలు కొనమన్నారు. ఆ గింజలు తెచ్చాను, నోరు నొప్పికి కొరకలేక వదిలేశాడు. మా అత్తమ్మకి కూడా షుగరే. నేను చూడనప్పుడు పెరుగన్నం కలిపి పెడుతుంది. అడిగితే, "నాకే నోరు కట్టుకోవడం చాతకాలేదు, వాడెట్టా కట్టుకుంటాడు అమ్మాయ్" అంటుంది. ఆమె ప్రేమకి నేనేం అనగలను.

పోయిన శుక్రవారం జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. పెళ్ళి జాకెట్లు ఇవ్వడానికి స్టోన్‌హౌస్‌పేట వెళ్ళి ఆలస్యమైంది. వాడి ఇన్సులిన్ మా అబ్బాయిని వెయ్యమన్నాను. ఫ్రిజ్ తలుపులో అత్తమ్మ సిరంజిలు, వాడి సిరంజిలు పక్కపక్కనే పెట్టేదాన్ని. అత్తమ్మది ఎంఎల్‌కి 40 యూనిట్లుండే మందు, ఎర్ర మూత సిరంజి. వాడిది ఎంఎల్‌కి 100 యూనిట్లుండే మందు, నారింజ మూత సిరంజి. మా వాడు ఎర్ర మూత సిరంజితో ఒక గీత దాకా తీసి వేశాడు. ఆ గీత దాకా 100 మందు తీస్తే రెండున్నర యూనిట్లు అవుతుంది. పైగా ఆ పూట బంగారయ్య సగమే తిన్నాడు. రాత్రి పదకొండింటికి చూస్తే గోడకి తల ఆనించి నిలబడి తూలిపోతున్నాడు, పిలిస్తే చూపు నిలవడం లేదు. మీటరులో 38. ఆ వేళప్పుడు ఎవరూ ఫోను ఎత్తలేదు. తేనె వేలికి తీసుకుని చిగుళ్ళ మీద రాశాను. ఆ పుండ్ల మీదే. పది నిమిషాలకోసారి రాస్తూ, కొంచెం తేరుకున్నాక చికెన్ ముద్ద నాకిస్తూ, తెల్లారి నాలుగున్నర దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. 96కి వచ్చాక ఏడుపొచ్చింది. మా అబ్బాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాడిని ఒక్క మాట అనలేదు నేను, ఆ రెండూ పక్కపక్కన పెట్టిన తప్పు నాది.

ఇప్పుడు నా ప్రశ్నలు. షుగరు తిండి పెట్టాలా, కిడ్నీ తిండి పెట్టాలా? వాడు తినని పూట ఇన్సులిన్ వెయ్యాలా వద్దా? స్టెరాయిడ్ ఇక వద్దన్నారు, మరి నోటి నొప్పికి ఏం చెయ్యాలి? ఇలాంటి పిల్లిని సాకినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


లాయరుపేట టీచరమ్మ:

అమ్మాయ్, ముందు నువ్వు స్థిమితపడు. ఆ రాత్రి నువ్వు చేసింది సరైన పనే. మాది ఒంగోలు. మా నల్లమ్మకి షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉండి కూడా నాలుగేళ్ళ రెండు నెలలు బతికింది. పోయిన సంక్రాంతికి ముందు పోయింది. ఆ నాలుగేళ్ళలో రాసిపెట్టిన నోటుపుస్తకాలు మూడున్నాయి నా దగ్గర, అందులోంచే చెప్తున్నాను.

సిరంజిల సంగతి ముందు. అత్తగారివి వేరే డబ్బాలో, వేరే అరలో పెట్టు. డబ్బా మీద పిల్లి బొమ్మ గీసి అంటించు, కళ్ళజోడు లేకపోయినా తెలియాలి. నారింజ మూత సిరంజిల్లో కూడా చూసి కొనాలి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే 1 ఎంఎల్ సిరంజిలో గీతకి రెండు యూనిట్లు ఉంటాయి, ఒక యూనిట్ అంటే కంటి అంచనా అయిపోతుంది. 0.3 ఎంఎల్ సిరంజి అడుగు, అందులో అర యూనిట్ గీతలున్నవి కూడా దొరుకుతాయి. నేను ఒంగోల్లో ఐదు షాపులు తిరిగి, చివరికి తెప్పించుకున్నాను. ఈ చిన్న పిల్లులకి అర యూనిట్ తేడా చాలా పెద్ద తేడా.

తినని పూట గురించి. మా ఇంట్లో ముందు గిన్నె, తరువాత సూది. చెవి అంచున చుక్క తీసి చూసేదాన్ని. గోరువెచ్చని గుడ్డ చెవికి కాసేపు పట్టి, అంచుకి సన్నగా వాజెలిన్ రాస్తే చుక్క పారిపోకుండా గుండ్రంగా నిలబడుతుంది. సూదికి ముందు 200 లోపు ఉంటే వెయ్యకుండా డాక్టరుకి ఫోను చేసేదాన్ని. సగం తింటే ఎంత వెయ్యాలి, అసలు తినకపోతే ఏం చెయ్యాలి అని ముందే ఆయనతో రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించాను. నువ్వూ రాయించుకో. ఒక పూట సూది తప్పితే పిల్లికి పెద్దగా ఏమీ కాదు. రెండుసార్లు పడితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. సూది సరిగ్గా దిగిందో, వెంట్రుకల మీద కారిపోయిందో అనుమానం వచ్చినా మళ్ళీ వెయ్యబాక. ఇంకో మాట, మనుషుల మీటరు పిల్లి రక్తానికి అసలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అయినా తక్కువ చూపిస్తే తక్కువనే అనుకుని తేనె పట్టు. ఒకే మీటరు వాడితే ఎక్కుతున్నదీ దిగుతున్నదీ తెలుస్తుంది.

తిండికి నా అనుభవం ఇదీ. వాడు తినేదే మంచి తిండి. రెండు రోజులు తినని పిల్లికి కాలేయం దెబ్బతింటుంది, అప్పుడు షుగరూ కిడ్నీలూ రెండూ వెనక్కి పోతాయి. మెత్తటి పౌచ్ తిండిలో గ్రేవీ లేకుండా పేస్టులా ఉండేది చూడు, గ్రేవీ చిక్కగా రావడానికి పిండి కలుపుతారు. ఉడికించిన చికెన్ ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కలిపి పెట్టొచ్చు కానీ ఒట్టి చికెనే నెలల తరబడి పెడితే కాల్షియం చాలదు. నెత్తళ్ళు, ఎండుచేపలు మాత్రం మానిపించు. నెల్లూరు వాళ్ళకి ఇది చెప్పడం కష్టమే, మా నల్లమ్మ కొత్తపట్నం నుంచి తెచ్చిన ఎండుచేపల వాసనకి లేచొచ్చేది. ఉప్పు ఒకటి, ముల్లుతో సహా తింటారు కాబట్టి ఫాస్ఫరస్ ఇంకొకటి. కిడ్నీలకి ఆ రెండూ పడవు.

మీ అత్తగారిని తిట్టబాక. ఉడికించిన చికెన్ ఆమె చేతికిచ్చి, "ఇది మీరే పెట్టండి అత్తమ్మా" అను. మా నాయనతో నేను అదే చేశాను. చేత్తో పెట్టాలన్నదే వాళ్ళ ఆశ, అది పెరుగన్నమే కానక్కర్లేదు.


కావలి పశువైద్యుడు:

టైలరు గారూ, మీ పిల్లిని చూడకుండా మోతాదులు చెప్పను. మీ డాక్టరు గారిని అడగవలసినవి మాత్రం చెప్తాను.

మీ ప్రశ్నలో ముందు ఏది అన్నారు. నేనైతే నోరు అంటాను. చిగుళ్ళలో అంత వాపు, చీము ఉన్నంతకాలం ఇన్సులిన్ సరిగా పట్టదు. మోతాదు పెంచుతూ పోవలసి వస్తుంది, ఏదో ఒక రోజు అది ఒక్కసారిగా పట్టి షుగరు పడిపోతుంది. నోరు నొప్పి కాబట్టి తినడు, తినడు కాబట్టి సూది వెయ్యడానికి భయం. మీరు రాసిన ప్రతి కష్టమూ అక్కడి నుంచే వస్తోంది. ఇలాంటి పిల్లులకి దవడ పళ్ళన్నీ తీసేస్తే ఎక్కువమందికి బాగా గుణం కనిపిస్తుంది. పళ్ళు లేని పిల్లి మెత్తటి తిండి హాయిగా తింటుంది. మత్తు ఇవ్వడం కిడ్నీలకి కొంత ప్రమాదమే. ముందూ తరువాతా సెలైన్ ఎక్కించి, ఆ రోజు ఇన్సులిన్ తగ్గించి, మధ్యమధ్యలో షుగరు చూసుకుంటూ చేస్తారు. పళ్ళ ఎక్స్‌రే ఉన్న చోట చేయించండి, వేరు ముక్క లోపల మిగిలితే వాపు పోదు. చెన్నై వేపేరిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, తిరుపతిలోనూ కళాశాల ఉంది. ఫోను చేసి ఈ పని చేస్తారో లేదో కనుక్కుని వెళ్ళండి.

క్రియాటినిన్ 2.4 చూసి మరీ బెంగపడవద్దు. షుగరు మూత్రంలో పోతుంటే ఒంట్లో నీరంతా లాగేస్తుంది. ఎండిపోయిన ఒంటిలో ఆ అంకె పెరిగి కనబడుతుంది. షుగరు అదుపులోకి వచ్చి, నీరు పట్టాక మళ్ళీ చేయించండి. అప్పటికీ అలాగే ఉంటే కిడ్నీ జబ్బు రెండో దశ అనుకోవచ్చు. ఫాస్ఫరస్ ఎక్కువుంటే తిండిలో కలిపే మందులున్నాయి, దానికోసం మాంసం మొత్తం మాన్పించక్కర్లేదు.

ఒక ఆశ కూడా ఉంది. స్టెరాయిడ్ వల్ల వచ్చిన షుగరు, ఆ మందు మానేసి మొదట్లోనే గట్టిగా చూసుకుంటే కొన్ని పిల్లుల్లో పూర్తిగా తగ్గిపోతుంది. అందుకే పళ్ళు తీశాక రోజూ చెవి చుక్క చూడటం ఇంకా ముఖ్యం. ఒంటికి అవసరం తగ్గినా అదే మోతాదు వేస్తే పోయిన శుక్రవారం మళ్ళీ వస్తుంది.

నొప్పికి మనుషుల పారాసెటమాల్ ఒక్క ముక్క కూడా వద్దు, పిల్లులు చచ్చిపోతాయి.


కోవూరు వాసి:

అక్కా, నాకు పిల్లి లేదు, మా చెల్లికి చిన్నప్పటి నుంచి షుగరు. ఇన్సులిన్ దాచడం గురించి ఒక్క మాట. మన దగ్గర రోహిణి కార్తెలో కరెంటు పోతే ఇంట్లో వేడి ఎంతుంటుందో తెలుసుగా. గ్లార్జిన్ వాడటం మొదలుపెట్టాక 30 డిగ్రీల లోపు ఉంచి, 28 రోజులే వాడమని పెట్టె మీద ఉంటుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానప్పుడు మా వీధిలో రోజున్నర కరెంటు లేదు. కొత్త కుండలో తడి ఇసుక పోసి, లోపల చిన్న స్టీలు గిన్నె, అందులో ప్లాస్టిక్ కవరులో చుట్టి మందు పెట్టాము. చల్లగా ఉంది. కొందరు ఐసు ముక్కల మధ్య పెడతారు, అది చెయ్యబాకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. ఫ్రిజ్‌లో కూడా వెనక గోడకి ఆనకుండా పెట్టండి.


దర్గామిట్ట సురమ్య:

మా ఇంట్లో నేరేడు గింజల పొడి, కాకర రసం వాడి పెద్దాయనకి షుగరు దిగింది. పిల్లికి కూడా కొంచెం పాలల్లో కలిపి చూడండి. లేకపోతే అత్తగారు వేసుకునే బిళ్ళలో పావు ముక్క? సూదుల బాధ తప్పుతుంది కదా. విదేశాల్లో పిల్లులకి షుగరు బిళ్ళలు వచ్చాయని కూడా చదివాను.


కావలి పశువైద్యుడు:

మంచి మనసుతో చెప్పారు కానీ వద్దండి. మనుషుల బిళ్ళ పావు ముక్కైనా పిల్లికి వెయ్యకూడదు. కిడ్నీలు దెబ్బతిన్న పిల్లికి అసలే వద్దు. కాకర రసం నోట్లో పోస్తే ఆ పుండ్లకి వాడు ఇంక గిన్నె దగ్గరికే రాడు. మీరు చదివినవి బెక్సాగ్లిఫ్లోజిన్, వెలాగ్లిఫ్లోజిన్ అయి ఉంటాయి. అమెరికాలో 2022 చివర్లో ఒకదానికి, 2023లో రెండోదానికి అనుమతి వచ్చింది. అవి అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే. వాటితో షుగరు అంకె మామూలుగా ఉంటూనే ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. సరిగా తినని బంగారయ్యకి అవి సరిపడవు. కీటోన్ల మాట వచ్చింది కాబట్టి, టైలరు గారూ, మూత్రం చూసే స్ట్రిప్పులు మందుల షాపులో దొరుకుతాయి, ఒక డబ్బా ఇంట్లో పెట్టుకోండి. తినకపోవడం, వాంతి, స్ట్రిప్పు రంగు మారడం మూడూ కలిస్తే తెల్లారేదాకా ఆగవద్దు.


మూలాపేట టైలరు:

టీచరమ్మ గారూ, డాక్టరు గారూ, కోవూరు తమ్ముడూ, ఏమని చెప్పను. మీరు రాసినవన్నీ మా అబ్బాయి చేత కాగితం మీద రాయించాను. డబ్బా మీద బొమ్మ కూడా వాడే గీశాడు, తోకతో సహా. అత్తమ్మకి చికెన్ గిన్నె ఇచ్చాను. మొదటి రోజు మూతి ముడుచుకుంది. రెండో రోజు ఆమే అడిగింది, "వాడి కూడు ఏదమ్మాయ్" అని. సురమ్య గారూ, మీరు బాధపడకండి, నేనూ మొదట్లో బిళ్ళల గురించే అడిగాను.

పళ్ళ ఆపరేషను అంటే భయంగానే ఉంది. మత్తులోనే పోతే అన్న ఆలోచన రాత్రిళ్ళు నిద్ర పోనివ్వడం లేదు.


లాయరుపేట టీచరమ్మ:

పోవచ్చు కూడా అమ్మాయ్. లేదని నేను చెప్పను. నల్లమ్మకి మూడు పళ్ళు తీయించినప్పుడు నేను ఆసుపత్రి మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. కానీ ఆకలితో వచ్చి గిన్నె చూసి భయపడి వెనక్కి పోయే బతుకు వాడికి రోజూ రెండు పూటలా ఉంది. నువ్వు రాసిన మొదటి పేరాల్లో నాకు అదే కనబడింది. వెళ్ళే ముందు కొత్త రక్తపరీక్షలు చేయించి, స్టెరాయిడ్ చీటీలు ఏడూ తీసుకెళ్ళు. అవి దాచిపెట్టడం చాలా మంచి పని చేశావు.


మూలాపేట టైలరు (రెండు నెలల తరువాత):

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ముందు మాట, బంగారయ్య బతికే ఉన్నాడు.

నేలటూరి వాళ్ళ పెళ్ళి బ్లౌజుల డబ్బు రాగానే కారు మాట్లాడుకుని చెన్నై వెళ్ళాము. సూళ్ళూరుపేట దాటేదాకా బుట్టలో అరుస్తూనే ఉన్నాడు, ఆ తరువాత నా వేలు పట్టుకుని పడుకున్నాడు. ముందు రోజు సెలైన్ పెట్టారు, మర్నాడు ఆపరేషను. దవడ పళ్ళన్నీ తీసేశారు, ముందరి కోర పళ్ళు ఉంచారు. ఎక్స్‌రేలో రెండు పళ్ళ వేర్లు కుళ్ళిపోయి కనిపించాయి. ఆ నొప్పితో వాడు ఇన్నాళ్ళు నా మిషను కింద పడుకుని గురగురలాడాడంటే తట్టుకోలేకపోయాను.

మొదటి ఐదు రోజులు సిరంజితో పేస్టులా చేసిన తిండి తాగించాను. ఆరో రోజు పొద్దున గిన్నె పెట్టి వెనక్కి తిరిగేలోపు నాకేశాడు. కేక లేదు, వెనక్కి దూకడం లేదు. అత్తమ్మని పిలిచి చూపించాను, ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు గారు చెప్పినట్టే షుగరు దిగుతూ వచ్చింది. ఆపరేషనుకి ముందు రెండు యూనిట్ల దాకా వెళ్ళింది మోతాదు. మూడో వారానికి ఒకటి, ఇప్పుడు అర. సూదికి ముందు 150 దాటడం లేదు, ఈ వారం పూర్తిగా ఆపి చూద్దామన్నారు. రోజూ రెండు పూటలా చెవి చూస్తున్నాను. మడమలు ఇంకా పూర్తిగా లేవలేదు, కానీ స్టూలు ఎక్కుతున్నాడు. బరువు 4.6.

కిడ్నీల అంకె 2.4 నుంచి 2.1కి వచ్చింది, అంతకంటే దిగలేదు. అది జబ్బే అన్నారు, వాడితోనే ఉంటుంది. ఫాస్ఫరస్ తగ్గించే పొడిని తిండిలో కలుపుతున్నాను. వారానికి రెండుసార్లు ఇంట్లోనే చర్మం కింద వంద ఎంఎల్ రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఎక్కించమన్నారు. ఇన్సులిన్ సూదికి కదలని వాడు ఈ లావు సూదికి మాత్రం లేచిపోతున్నాడు. సీసా వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేస్తే ఊరుకుంటారని ఎవరో అన్నారు. టీచరమ్మ గారూ, నల్లమ్మకి మీరు ఎలా ఎక్కించేవారు? ఒళ్ళోనా, బుట్టలో పెట్టా? ఎన్నో నంబరు సూది?